ఆటల మాట, రేడియోల పోటీ: కోయంబత్తూరు, మధురలలో మన తెలుగు

ఉగాదినాడు మనవారు పంచాంగము విందురు. ఒకరు చదువగా పదిమంది వినుట మన ఆచారము. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తరతరాలుగా కాపురమున్న తెలుగువారికి ఈ వినికిడి పండుగనాటి ముచ్చటతో తీరునది కాదు. మన ఇండ్లలో అనేకులకు తెలుగు చెవిన పడిన భాషయే గాని కంటబడిన భాష కాదు. తల్లి మాటాడగా నేర్చినారు. బడిలో అక్షరములు తమిళమున దిద్దినారు. అట్టి భాషకు పుస్తకముకన్న రేడియో దగ్గర చుట్టము. కావున మన పట్టణములలో రేడియో కేంద్రములు ఎట్లు వచ్చినవి, అవి ఒకదానితో నొకటి ఎట్లు పోటీపడినవి, ఆ పోటీలో ఆటలను గూర్చిన మాట ఎవరి భాషలో వినబడినది అను విషయమును ఈ సంచికలో చదువరుల ముందుంచ దలచినాము. ఆటల మాటయే ఎందుకన, వార్తలకు చదువరి భాష కావలెను, సంగీతమునకు శ్రుతి కావలెను. ఆటను గూర్చి వాదించుటకు ఇంటిభాష కావలెను.

మన పూర్వులు

విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో అధికారము వహించినది మొదలు తెలుగు సేనానులు, రైతులు, నేతగాండ్రు, వర్తకులు దక్షిణమునకు తరలివచ్చిరి. తిరుమల నాయకుని కాలము (1623–1659), రాణి మంగమ్మ పరిపాలన (1689–1704) మనకు చిరపరిచితములే. మధుర నాయకుల ఆదరమున తెలుగు వచనము వర్ధిల్లి, సాహిత్య చరిత్రకారులు దక్షిణాంధ్ర యుగమని చెప్పుకొను కాలములో భాగమైనది. ఆస్థానములు పోయినవి, ఊళ్ళు నిలిచినవి. నల్లరేగడి నేలలలో కమ్మవారు, రెడ్లు, గవరలు, మగ్గములపై దేవాంగులు, పశువులను దైవముగా కొలుచు రాజకంబళము నాయకులు, శ్రమయే ఆస్తిగా గల అరుంధతీయులు, రాజపాళయమున రాజులు. వీరందరి ఇండ్లలో వేర్వేరు యాసలతో తెలుగు వినబడుచునే యున్నది.

కోయంబత్తూరు కథ వేరు. అచట 1888లో మొదటి నూలు మిల్లు వెలసినది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లులకు పునాది వేసినారు. 1926లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కుమారులు పి.ఎస్.జి. ధర్మసంస్థను నెలకొల్పినారు. 1932లో పైకారా జలవిద్యుత్తు రాగా మిల్లులు బారులు తీరినవి. మిల్లు వచ్చిన చోటికి కూలి వచ్చినాడు, కూలితోపాటు సాయంకాలపు విరామము వచ్చినది, విరామముతో ఆట వచ్చినది. మిల్లుల జట్లు, కళాశాలల జట్లు మైదానములకెక్కినవి. మనవారు యజమానులుగను కార్మికులుగను ఉభయ పక్షములలో నుండిరి.

చెన్నపట్టణము నుండి వచ్చిన స్వరము

1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి చెన్నపట్టణమున మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు మొదలుపెట్టినారు. ధనము చాలక అది 1927లో మూతపడగా, 1930లో నగర కార్పొరేషను ఆ పని చేపట్టినది. 1938 జూన్ 16న మదరాసులో అఖిల భారత రేడియో కేంద్రము ప్రారంభమైనది. అది తమిళ, తెలుగు ప్రసారములకు ఉమ్మడి ఇల్లు. మరుసటి యేడు, 1939లో, తిరుచిరాపల్లి కేంద్రము వచ్చినది. కోయంబత్తూరు, మధురలకు అదియే దగ్గర. అది పలికినది తమిళము. తెలుగు వినదలచినవారు ముల్లును మదరాసు వైపు త్రిప్పవలసి వచ్చెడిది.

రేడియో ధనికుల ఇంటి వస్తువుగా నున్న ఆ కాలమున దానిని సామాన్యునకు అందింపవలెనని తలపోసినవాడు మనవాడే. కలంగల్ గ్రామమున 1893లో పుట్టిన జి.డి. నాయుడు, 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారము మొదలిడి యంత్రవిద్యలో దిట్టయైనవాడు, అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించినాడు. ఆ ధర దేశమంతట నిలిచియుండిన రేడియో చరిత్రయే మారెడిది. అది జరుగలేదు. రేడియో చాలకాలము టీకొట్టులోను, పంచాయతీ ఆవరణలోను, మిల్లు క్లబ్బులోను పదుగురు చేరి వినెడి వస్తువుగనే మిగిలినది. దానికి ప్రతి సంవత్సరము తపాలా కార్యాలయములో లైసెన్సు రుసుము కట్టవలసియుండెడిది. ఆ రుసుము 1980 దశకమున గాని తొలగలేదు.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వచ్చినది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. తెలుగు ప్రసారములకు తమ రాష్ట్రములో తమ ఇల్లు దొరకినది. ఆంధ్రులకది శుభమే. అయితే కావేరికి దక్షిణమున నున్న మనకు రేడియోలోని తెలుగు మరికొంత దూరమైనది.

రాత్రి ఆకాశము చేసిన మేలు

ఇచ్చట తరంగములను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఏ.యం. పద్ధతిని నడచు మధ్యమ తరంగములు పగటివేళ నేల ననుసరించి కొంత దూరము పోవును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట పై ఆకాశపు పొరలకు తగిలి వెనుకకు మరలి వందల మైళ్ళ అవతల దిగును. కనుకనే పగలు వినబడని విజయవాడ (837 కిలోహెర్ట్‌జ్), హైదరాబాదు (738 కిలోహెర్ట్‌జ్) రాత్రి భోజనముల వేళకు, గరగర శబ్దము మధ్య, వచ్చుచు పోవుచు, మన వీధులలో వినబడెడివి. ఎఫ్.యం. ధ్వని నిర్మలమైనది, గాలివానకు, మెరుపునకు చెదరదు. కాని అది చూపు మేరకు మాత్రమే పోవును. స్తంభము ఎత్తు ఎంతయో వినికిడి అంత. మన తెలుగు చరిత్ర ఈ రెండు గుణముల మధ్య చిక్కుకొన్నదని చెప్పిన అతిశయోక్తి కాదు. గరగరలాడు తరంగము మన భాషను దూరమునుండి మోసికొని వచ్చినది. స్వచ్ఛమైన తరంగము ఉన్నయూరి భాషనే వినిపించినది.

ఆటల వ్యాఖ్యానము రేడియోకు ముందునుండి లేదు. 1926లో బొంబాయి జింఖానా మైదానమున యం.సి.సి. జట్టుపై సి.కె. నాయుడు 153 పరుగులు, పదునొకండు సిక్సర్లతో, కొట్టినపుడు ఆ సంగతి పత్రికలవలననే దేశమునకు తెలిసినది. నాయుడు మనవలెనే వలసపోయిన తెలుగు కుటుంబములో, నాగపూరున, 1895లో పుట్టినవాడు. 1934లో బొంబాయిలో ఎ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ మైకు ముందు కూర్చుండి క్రికెట్టును వర్ణించుటతో మనదేశమున ఈ కళ మొదలైనది. దినమంతయు ఒక్కడే చెప్పెడివాడు. పక్కన మరొకరు కూర్చుండుట ఆయనకు సరిపడలేదు. పోటీ కేంద్రముల మధ్య రాకమునుపే వ్యాఖ్యాతల మధ్య వచ్చినదన్నమాట. తరువాత ఆ ఆసనముపై కూర్చున్న వారిలో విజయనగరము మహారాజకుమారుడు, లోకము విజ్జీ అని పిలిచినవాడు, ఒకరు. 1936లో ఇంగ్లండులో భారత జట్టునకు నాయకత్వము వహించిన ఈయనను 1959లో బి.బి.సి. వారు అతిథి వ్యాఖ్యాతగా పిలిచినారు. తెలుగు సీమ పేరు ధరించిన ఆ వ్యాఖ్యాత పలికినదీ ఆంగ్లమే.

1952 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున వినూ మన్‌కడ్ ఒక్క పందెములో పన్నెండు వికెట్లు తీయగా, భారత జట్టు ఇంగ్లండును ఇన్నింగ్సు ఎనిమిది పరుగులతో ఓడించి తన మొట్టమొదటి టెస్టు విజయము పొందినది. ఆనాటి టెస్టుల వ్యాఖ్యానమునకు ఆకాశవాణి వాడినది ఆంగ్లము. వ్యాఖ్యానము ఆంగ్లమున, దానిపై టీకొట్టు వాదము తమిళమున, ఇంటికి వచ్చి అవ్వకు చెప్పునది తెలుగున. ఆటపాటల విషయమున మన త్రిభాషా సూత్రము ప్రభుత్వము వారు చెప్పకమునుపే అమలులో నుండెను.

ఒక్క కేంద్రము నుండి పలు కేంద్రములకు

ఆకాశవాణికి మొదటి గట్టి పోటీ సముద్రము దాటి వచ్చినది. 1952లో మంత్రి కేస్కర్ చిత్రగీతములను అదుపు చేయగా శ్రోతలు రేడియో సిలోనును ఆశ్రయించిరి. అచ్చట తమిళముతోపాటు తెలుగు గీతములును వినబడెడివి. మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు పలుకును మనతరము మరువజాలదు. ఆ నష్టమును పూడ్చుకొనుటకే 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టినది. పోటీ వలన శ్రోతకు మేలు కలుగునను మాటకు ఇంతకన్న మంచి సాక్ష్యము లేదు. పోటీదారునికి మన భాష అక్కరకు వచ్చినంతవరకే ఆ మేలు మనకు అందునని కూడ ఇదే కథ చెప్పుచున్నది.

1966లో కోయంబత్తూరునకు తన సొంత కేంద్రము వచ్చినది, 999 కిలోహెర్ట్‌జ్ పై. మధురకు 1987లో, 1269 పై. నడుమ 1980 దశకములో ఆకాశవాణి క్రికెట్టు వ్యాఖ్యానము తమిళమునను వినవచ్చినది. అది గొప్ప మార్పు. ఆంగ్లము రాని రైతు, మిల్లు కార్మికుడు బంతి బంతికి ఆటను చూడగలిగినాడు. మన పిల్లలు పరుగు, బంతి అను తెలుగు మాటలకు ముందు ఓట్టమ్, పందు అను తమిళ మాటలను నేర్చినారు. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష, మన పిల్లలు చదివిన భాష. కాని మన ఇంటిలో ఆటల మాట తెలుగు వదలి తమిళమునకు మారిన సంధికాలము అదియే అని గుర్తింపవలెను.

1977లో చెన్నపట్టణమున దేశములోని మొదటి ఎఫ్.యం. ప్రసారము మొదలైనది. తరువాత కొడైకానల్ శిఖరముపై ఆకాశవాణి నిలిపిన ఎఫ్.యం. కేంద్రము (100.5 మెగాహెర్ట్‌జ్) కొండ ఎత్తు చేత మధురను, చుట్టుపట్టు జిల్లాలను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చినది.

క్రికెట్టు తెరచిన తలుపు

ప్రైవేటు రేడియోలకు తలుపు తెరచినది ఒక క్రికెట్టు తగవు. 1993 హీరో కప్పు పందెములను ఎవరు ప్రసారము చేయవలెనను విషయమై బెంగాలు క్రికెట్టు సంఘమునకు, ప్రభుత్వమునకు వివాదము వచ్చినది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, గాలి తరంగములు ప్రజల సొత్తు, అవి ఏ ఒక్కరి గుత్తాధిపత్యమునకు లోబడరాదు అన్నది. దాని ఫలితముగా 2000లో 40 పట్టణములలో 108 ఎఫ్.యం. మార్గములను వేలము వేసినారు. 2001లో బెంగుళూరున మొదటి ప్రైవేటు కేంద్రము పలికినది. వేలపు రుసుములు మోయలేక పలువురు తప్పుకొనగా, 2005లో రాబడిలో నూటికి నాలుగు చొప్పున ప్రభుత్వమునకు చెల్లించు పద్ధతి వచ్చినది. అటుపిమ్మట కోయంబత్తూరులో సూర్యన్ (93.5), రేడియో సిటీ (91.1), మిర్చి (98.3), హలో (106.4) అను నాలుగు కేంద్రములు ఒకే శ్రోత కొరకు పోరాడినవి. మధురలోను సూర్యన్, మిర్చి, హలోల నడుమ అదే పోరు.

కేంద్రములు పెరిగినవి, ఆటల మాట పెరిగినదా? పెరుగలేదు. ప్రైవేటు రేడియోలకు వార్తలు చెప్పు అధికారము లేకపోయెను. 2011 నాటి మూడవ విడత విధానములో గాని స్థానికమైన ఆటల ప్రత్యక్ష వ్యాఖ్యానమునకు వెసులుబాటు స్పష్టముగా దొరకలేదు. పెద్ద పందెముల ప్రత్యక్ష ప్రసారము దానిలోనికి రాదు. అందుచేత ఈ కేంద్రములు పోటీపడినది చిత్రగీతములతో, హాస్యముతో, బహుమతులతో. నాలుగు కొట్లు ఒకే సరకు అమ్మినపుడు ధరలో తేడా యుండును గాని రుచిలో తేడా యుండదు.

పాశ్చాత్య దేశములలో ఈ పోటీ వేరు తీరున నడచినది. అమెరికాలో న్యూయార్కు నగరమున 1987 జూలై 1న ఒక ఏ.యం. కేంద్రము రేయింబవళ్ళు ఆటల మాటనే ప్రసారము చేయ నారంభించినది. శ్రోత టెలిఫోనులో పిలిచి, తన జట్టు ఎందుకు ఓడినదో తానే వాదించును. ఆ వాదమే సరకు. బోస్టను నగరమున 850 ఏ.యం.పై చిరకాలము రాజ్యమేలిన ఆటల కేంద్రమునకు 2009 ఆగస్టులో 98.5 ఎఫ్.యం.పై ప్రత్యర్థి వెలసినది. స్వచ్ఛమైన ధ్వనికి శ్రోతలు తరలుచుండగా పాత కేంద్రము 2011లో తానును ఎఫ్.యం.కు, 93.7కు, మారక తప్పినది కాదు. మరుసటి యేడు న్యూయార్కు కేంద్రమును ఎఫ్.యం.లోను వినవచ్చినది. ఆ కేంద్రములు ఒక్క ఊరి జట్లను గూర్చి, ఆ ఊరి మాటతీరులో, ఆ ఊరివారిచేతనే మాటాడించి బ్రతికినవి. మనకు కావలసిన పాఠము ఇది.

మన మైదానములు మూగవి కావు

మన ప్రాంతమున చెప్పదగిన ఆటలు లేవా? మధుర చుట్టుప్రక్కల సంక్రాంతి దినములలో అవనియాపురము, పాలమేడు, అలంగానల్లూరు జల్లికట్టు జరుగును. 2014లో సుప్రీంకోర్టు నిషేధింపగా 2017లో తమిళనాడు శాసనముతో అది మరల వచ్చినది. అచ్చటి ధ్వనివర్ధకములో ఎద్దు యజమాని పేరు, ఊరు, బహుమతి చెప్పుచు గంటల తరబడి నడచు వ్యాఖ్యానమును విన్నవారెవరును రేడియో వ్యాఖ్యానమునకు తీసిపోవునని అనరు. రాజకంబళము నాయకులు దైవవృషభములను పరుగెత్తించు ఉత్సవములు వేరుగా కలవు. ఆ ఎద్దులను పిలుచు మాటలు, అదలించు మాటలు తెలుగు. వానిని వ్రాసిపెట్టినవారు కొద్దిమంది.

కోయంబత్తూరు మోటారు పందెములకు పుట్టినిల్లు. లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్ తక్కువ ఖర్చుతో పందెపు కార్లు నిర్మించి ఎందరో యువకులకు దారి చూపి 1995లో విమాన ప్రమాదమున మరణించినారు. ఆయన పేరిట చెట్టిపాళయమున పందెపు బాట వెలసినది. ఆ పట్టణమునకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెమునకు దిగిన మొదటి భారతీయుడైనాడు. 2016లో మొదలైన తమిళనాడు ప్రీమియరు లీగులో మధుర జట్టు 2018లోను, కోయంబత్తూరు జట్టు 2023లోను కప్పు గెలిచినవి. ఈ రెండు ఊళ్ళ తెలుగువారు ఒకరినొకరు వేళాకోళము చేసికొనుటకు ఇంతకన్న ముడిసరకు ఏమి కావలెను?

ఇక టెలివిజనులో తెలుగు వ్యాఖ్యానము వచ్చినదిగదా యని యువకులు అనవచ్చును. నిజమే. 2018 డిసెంబరులో ఆటలకే ప్రత్యేకమైన తెలుగు ఛానలు వెలసినది. మన ఇండ్లలో అది మ్రోగుట సంతోషము. కాని అది హైదరాబాదు, విశాఖ శ్రోతలను ఉద్దేశించి పలుకును. సింగానల్లూరు వీధి జట్టును గూర్చియు, మధుర రేస్‌కోర్సు మైదానమును గూర్చియు చెప్పుట దాని పని కాదు. మన యాసలో మాటాడుటయు దాని పని కాదు. మన పిల్లవాడు ఆ తెలుగు విని, మా అవ్వ మాటాడునది తెలుగు కాదు కాబోలునని తలచినచో, వచ్చిన లాభముకన్న నష్టమే ఎక్కువ.

చేయదగిన పని

వ్యాపార రేడియోను నిందించి లాభము లేదు. దాని లెక్కలో ప్రకటన విని కొనువాడే శ్రోత. మనము బజారులో తమిళులము, ఇంటిలో తెలుగువారము. కావున ఆ లెక్కకు మనము అందము. ఆకాశవాణి ధర్మసంస్థయే గాని దాని కాలము పరిమితము.

మూడవ దారి ఒకటి కలదు. 2004లో చెన్నపట్టణమున అణ్ణా విశ్వవిద్యాలయములో మొదలైన విద్యాసంస్థల రేడియో ఒరవడి 2006 విధానముతో సాముదాయిక రేడియోగా విస్తరించినది. ఆ విధానము ప్రకారము కార్యక్రమములలో కనీసము సగము ఆ ప్రాంతపు ప్రజల పాలుపంచుకొనుటతో తయారు కావలెను. స్థానిక భాషలకు, యాసలకు చోటుండవలెను. మన తెలుగు యాసలు ఈ నేలపై నాలుగు నూరేండ్లకు పైబడి యున్నవి. వానిని స్థానికములు కావని ఎవరనగలరు? కోయంబత్తూరున పి.ఎస్.జి. విద్యాసంస్థలలోనే అట్టి రేడియో వెలసినది. ఆ సంస్థను స్థాపించినవారి ఇంటిభాష ఏదియో మనమెరుగుదుము.

వారమునకొక్క గంట చాలును. ఒక వారము మిల్లు జట్టులో బంతి విసరిన తాతగారు తన కాలపు పందెములను చెప్పవలెను. ఒక వారము పల్లెనుండి ఎద్దు పెంచినవాడు మాటాడవలెను. మరొక వారము కళాశాల ఆడపిల్లలు బాస్కెట్‌బాలు పందెమును తెలుగులో వర్ణింపవలెను. మాట తట్టనిచోట తమిళ మాట దొర్లిన దొర్లనిండు. మన చెడుగుడును తమిళులు సడుగుడు అందురు. ఒక్క అక్షరము మారిన మాత్రమున ఆట మారినదా? కోయంబత్తూరు తెలుగువారు, మధుర తెలుగువారు ఈ గంటను పంచుకొని ఎవరి వ్యాఖ్యాత మేలని పోటీపడవలెను. అట్టి పోటీ మనకింతవరకు కలుగలేదు.

ఇందుకు మన సంఘము చేయవలసిన మొదటి పని రెండు ఊళ్ళలోను మాటకారులైన పదిమంది యువతీయువకులను గుర్తించుట, రెండవది వృద్ధుల జ్ఞాపకములను ఈ సంవత్సరములోపల ధ్వనిలో నిలుపుట. వ్రాతలేని తెలుగునకు వృద్ధుడే గ్రంథాలయము. ఆ గ్రంథాలయము ఎల్లప్పుడు తెరచియుండదు. పంచాంగము వినుటకు నేడు చేరిన చదువరులు వచ్చే ఉగాదినాటికి మన ఊరి ఆటను మన తెలుగులో విందురుగాక యని కోరుచున్నాము.